గోడ అవతలికి వినపడాలి

మా అత్తయ్య పోయిందని తెలిసేసరికి నేను విస్సన్నపేటలో ఒక పెళ్ళిపందిట్లో నిచ్చెన మీద ఉన్నాను. చేతిలో స్పీకరు వైరు, నోట్లో టేపు ముక్క. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. అవతల ఆమె తోటలో కాయలు కోయించే మేస్త్రి. "బాబూ, అమ్మగారు పలకట్లేదండీ. పొద్దున్నే కాఫీ పెట్టుకుని కుర్చీలో కూచున్నారు. కాఫీ అలాగే ఉందండీ, ఆవిడే..." అని ఆగిపోయాడు. నిచ్చెన దిగి బండి తీశాను. టేపు ముక్క ఇంకా నోట్లోనే ఉందని రెడ్డిగూడెం దాటాక గానీ తెలియలేదు.

పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఆమె బావగారి కొడుకు వరసల మధ్య తిరుగుతూ అందరికీ వినపడేలా అన్నాడు. "మా పిన్నికి పాటలంటే ప్రాణమండీ. మొదట్నించీ మా నాన్నగారే ఎంకరేజ్ చేశారు." విస్తళ్ళ ముందున్నవాళ్ళు తలలూపారు. నేను సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆమె గురించి మంచే చెబుతాను, వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ఉన్నవాళ్ళ గురించి మాత్రం జరిగింది చెబుతాను.

మా తాతయ్యకు నూజివీడు బస్టాండు ఎదురుగా కాఫీ హోటలు ఉండేది. ఆరు బల్లలు, ఒక రికార్డు ప్లేయరు. అత్తయ్యకు పదేళ్ళు వచ్చేనాటికే ఆ ప్లేయరు ఆమె చేతికి వచ్చింది. బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళు చీటీ మీద పాట రాసి పంపితే, ఆమె ఎత్తుపీట మీద నిలబడి రికార్డు మార్చేది. పాట మధ్యలో గెంతుతుంటే చాలామంది ప్లేయరుకి ముల్లు బిగించిన చేతి మీద ఒక నాణెం పెట్టేసేవాళ్ళు. బరువుకి ముల్లు గాడిలో గట్టిగా కూర్చుంటుంది కానీ గాడి అరిగిపోతుంది. ఒకసారి అత్తయ్యా అలాగే పెడితే తాతయ్య నాణెం తీసి ఆమె నెత్తిన పెట్టాడట. "మొయ్యి. అప్పుడు తెలుస్తుంది దానికెలా ఉంటుందో" అన్నాడట. ఈ మాట నాకు చెప్పినప్పుడల్లా ఆమె నెత్తి తడుముకునేది.

పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎవరైనా అరువు పట్టుకెళితే తిరిగి రావాలని, ప్రతి రికార్డు మధ్యలో ఉండే కాగితం మీద తాతయ్య హోటలు రబ్బరు స్టాంపు కొట్టేవాడు. ఊదారంగు సిరా. హోటలు పేరు, కింద నూజివీడు అని.

ఆ హోటలుకి రెడ్డిగూడెం పక్క ఊరి నుంచి మామిడితోటల కుటుంబంలో చిన్నబ్బాయి ఒకాయన రోజూ కాఫీకి వచ్చేవాడు. ఒక కాఫీకి పన్నెండు మైళ్ళు సైకిలు తొక్కేవాడెవడూ ఉండడని తాతయ్యకు మూడో వారంలో అర్థమైంది. ఆయనే మా మామయ్య అయ్యాడు. ఆ పెళ్ళి ఇష్టం లేనిది ఆయన అన్నగారు, అంటే అత్తయ్యకు బావగారు, ఒక్కరికే. పెళ్ళిపందిట్లోనే "హోటలోడి పిల్ల" అన్నాడట, మెల్లగానే, కానీ పెళ్ళికూతురికి వినపడేలా. తాతయ్య కూతురితోపాటు ఆ ప్లేయరునీ రికార్డులనీ పంపించాడు. హోటల్లో అప్పటికి కొత్త రేడియో వచ్చింది. "పాతవి పాత చేతుల్లోనే ఉండాలి" అన్నాడు.

మామయ్య గుండెపోటుతో పోయేనాటికి అత్తయ్యకు ముప్పై అయిదేళ్ళు. పిల్లల్లేరు. కర్మ అయ్యాక మా ఇంటికి తీసుకొచ్చి కొన్నాళ్ళు ఉంచుకున్నాం. తిరిగి దిగబెట్టడానికి మా నాన్నతోపాటు నేనూ వెళ్ళాను, అప్పుడు ఆరో తరగతి. గది తలుపు తీసి ఆమె అక్కడే నిలబడిపోయింది. ప్లేయరు ఉండే బల్ల మీద రెండు కొత్త స్టీలు బిందెలు ఉన్నాయి. గోడ పక్కన రికార్డులు నిలబెట్టుకునే చెక్క పెట్టె ఖాళీగా ఉంది.

బావగారు వసారాలోంచే చెప్పాడు. "అది పాత సామాన్లవాడికి వేశానమ్మా. మంచి బిందెలిచ్చాడు. ఇంక ఆ గదిలో పాటలేంటి? నలుగురూ ఏమనుకుంటారు?"

"రికార్డులో?" అంది అత్తయ్య.

"పిల్లలు ఆడుకుంటామంటే ఇచ్చాను."

ఆడుకున్నారు. ఆయన కూతుళ్ళిద్దరూ వారపత్రికలో చూసి, రికార్డుల్ని వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక గిన్నె మీద బోర్లించి, అంచులు పువ్వు రేకుల్లా వంచి, గిన్నెలు చేశారు. నల్లని నిగనిగలాడే గిన్నెలు. హాల్లో అద్దాల బీరువాలో వరసగా పెట్టారు. కొన్నింట్లో ప్లాస్టిక్ గులాబీలు గుచ్చారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. చిన్నవాళ్ళు. ఇచ్చినవాడు చిన్నవాడు కాదు.

అప్పటి నుంచి ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఒక గిన్నెలో వక్కపొడి పోసి అందరి ముందుకూ తెచ్చేవాళ్ళు. అత్తయ్య ముందుకూ తెచ్చేవాళ్ళు. ఆమె చిటికెడు తీసుకునేది. వక్కపొడి తగ్గేకొద్దీ అడుగున ఊదారంగు స్టాంపు కనపడేది. మా తాతయ్య హోటలు పేరు, నూజివీడు.

"ఎందుకు తీసుకుంటావు అత్తా? విసిరి కొట్టొచ్చుగా?" అన్నానొకసారి, అప్పటికి నాకు మీసాలొచ్చాయి.

"కోపం ఆవకాయ లాంటిదిరా. తడిచెయ్యి పెట్టావంటే బూజు పట్టుద్ది. పొడిగా ఉంచుకోవాలి. పాడవదు."

అప్పుడు నాకు అర్థం కాలేదు. మా ఇంటికి వచ్చి ఉండమని నాన్న ఎన్నిసార్లు అడిగాడో. "నేనొస్తే వాళ్ళకి పని తేలికైపోద్ది" అనేది. ఉమ్మడి ఇంటికి మధ్యలో గోడ కట్టించింది. తన వాటా తోట తనే చూసుకుంది. పూత మీద తేనెమంచు పురుగు పడితే మందు ఎప్పుడు కొట్టాలో ఆ చుట్టుపక్కల మగవాళ్ళు ఆమెనడిగి కొట్టేవాళ్ళు. ఆమె ఇంట్లో రేడియో కూడా ఉండేది కాదు. రేడియోవాడు పెట్టింది కాదు, తనకు కావలసింది తనే పెట్టుకుని వింటానని అనేది.

మూడేళ్ళ కింద బావగారి మనవడి నిశ్చితార్థం జరిగింది. సౌండు నాదే. అడిగితే కాదనలేదు, అది నా పని. ఆ కుర్రాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. ఫొటోల కోసమని ఎర్ర సూటుకేసు లాంటి రికార్డు ప్లేయరు ఒకటి తెచ్చాడు. మూత తీస్తే లోపలే అన్నీ. కాబోయే దంపతులు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. అప్పుడు ఎనభై ఏళ్ళు దాటిన ఆ పెద్దాయన, అత్తయ్య బావగారు, కర్ర ఊతంతో లేచి మైకు అందుకున్నాడు.

"మా ఇంట్లో సంగీతం ఇవాల్టిది కాదండీ. రికార్డులంటే మాకు మొదట్నించీ ప్రాణం."

నా వేలు మిక్సరు మీదే ఉంది. ఒక్క మీట కిందికి లాగితే ఆ గొంతు ఆగిపోతుంది. అత్తయ్య వైపు చూశాను. మూడో వరసలో కూర్చుని ఉంది. వద్దన్నట్టు తలూపింది. పెద్దాయన మాట్లాడటం పూర్తి చేశాడు. చప్పట్లు కొట్టారు. వక్కపొడి గిన్నె వచ్చింది.

నేను వైర్లు చుట్టుకుంటుంటే వచ్చి పక్కన నిలబడింది. "ఒరేయ్, నాకో రికార్డు ప్లేయరు కావాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. దానికన్నా మంచిది. పాట గోడ అవతలికి వినపడాలి."

ఇరవై ఏళ్ళుగా సౌండు సర్వీసు నడుపుతున్నాను. శబ్దం గురించి నాకు అంతా తెలుసనుకునేవాణ్ణి. విజయవాడలో రికార్డు ప్లేయర్లు అమ్మే ఒక షాపులో గడిపిన మధ్యాహ్నం ఆమె నా గర్వాన్ని నూలుపోగులా తీసి పారేసింది.

షాపు అబ్బాయి ముందు సూటుకేసు రకమే చూపించాడు. "ఇది బాగా పోతోందండీ మేడం. బ్లూటూత్ ఉంది. స్పీకర్లు లోపలే ఉన్నాయి, వేరే ఏం కొనక్కర్లేదు."

అత్తయ్య ముల్లున్న చేతిని ఒక వేలితో పైకెత్తి వదిలింది. "దీని బరువు సరిచేసే వీలేదీ?"

"కంపెనీ సెట్టింగేనండీ."

"స్పీకరు లోపలే ఉంటే దాని అదురు ముల్లుకి తగలదూ? ఇది పాడదు బాబూ, గోకుద్ది."

రెండోది పెద్ద కంపెనీది, అంతా ఆటోమేటిక్. మీట నొక్కితే ముల్లు దానంతటదే వెళ్ళి పాట మీద వాలుతుంది, అయిపోగానే దానంతటదే లేస్తుంది. నాకు నచ్చింది. ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అన్నీ ఇదే చేసుకుంటే నేనెందుకు?" అంది.

మూడోదాని దగ్గర ఆగింది. బరువైన పళ్ళెం, కింద రబ్బరు బెల్టుతో తిరుగుతుంది. మోటారు పక్కకు ఉంది కాబట్టి దాని గురగుర పాటలోకి రాదు. ముల్లు చేతికి వెనక చిన్న గుండు, దాన్ని తిప్పి బరువు ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. ముల్లు అరిగితే ముందు ముక్క ఊడదీసి మార్చుకోవచ్చు. అత్తయ్య కళ్ళజోడు తీసి, పళ్ళెం అంచుకి సమంగా వంగి కన్ను పెట్టి, చేత్తో మెల్లగా తిప్పింది. అంచు ఎక్కడన్నా పైకీ కిందికీ ఊగుతోందేమోనని ఒక పూర్తి చుట్టు చూసింది. షాపు అబ్బాయి నా వైపు చూశాడు. నేను చెయ్యగలిగిందేమీ లేదు.

"మా నాన్న ఇలాగే చూసేవాడు" అని లేచింది. "ఇది ఇవ్వండి."

స్పీకర్ల దగ్గర నేను ఉత్సాహపడ్డాను. "అత్తా, అవి కొనడం దండగ. నా బేసు బాక్సులు రెండు తెచ్చి గోడకి ఆనిస్తే పెద్దాయన కుర్చీతో సహా ఎగిరి పడతాడు."

ఆమె నవ్వలేదు. "అదరగొట్టడం కాదురా. పాడే మనిషి ఊపిరి పీల్చుకున్నా ఆ కుర్చీలోకి వినపడాలి. చెవులు మూసుకునే శబ్దం వద్దు. మూసుకోలేని శబ్దం కావాలి."

అలా ఆరు జతలు విన్నది, ఒకే పాటతో, ఒకే చోట కూర్చుని. ప్రతిసారీ షాపు బయటికి వెళ్ళి, అద్దం తలుపు మూయించి, అవతల నిలబడి కూడా విన్నది. మాట స్పష్టంగా వచ్చిన జతనే తీసుకుంది. అవి నా బాక్సుల్లో పావు వంతు కూడా ఉండవు.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలైంది. మా వైపు వేసవిలో కాయల లారీలు ఇంటి ముందు నుంచే పోతాయి. లారీ పోయినప్పుడల్లా నేల అదిరి ముల్లు గెంతేది. నేను టీవీ స్టాండు కొందామన్నాను. ఆమె కాయలు సర్దే ప్లాస్టిక్ క్రేటు ఒకటి తెప్పించి, అందులో గోనె పరిచి, ఇసక జల్లించి నింపి, దాని మీద వంటింటి గట్టు కోసం తెచ్చి మిగిలిన గ్రానైటు పలక పెట్టింది. ప్లేయరు ఆ పలక మీద, స్పీకర్లు వేరే బల్లల మీద. తర్వాత లోడు లారీ పోయినా పాట కదల్లేదు. స్పీకర్లలో సన్నగా కందిరీగ రొద ఉంటే, అది ఎర్తు సరిగా లేకేనని నేను పెరట్లో గుంట తీసి, ఉప్పూ బొగ్గూ వేసి, రాడ్డు దింపాను. ఆ మొత్తం వ్యవహారంలో నేను సొంతంగా చేసిన మంచి పని అదొక్కటే. "పర్లేదు, నీకూ కాస్త వచ్చు" అంది.

రికార్డుల కోసం ఊళ్ళు తిరిగాం. చింతలపూడిలో మూతపడిన రేడియో షాపు అటక మీద కొన్ని దొరికాయి. నూజివీడులో ఒక రిటైరైన మాస్టారు తన పెట్టె మొత్తం ఇచ్చేసి డబ్బు వద్దన్నారు. ఆయనకు ప్రతి ఏడూ ఒక బుట్ట చిన్నరసాలు వెళ్ళేవి. తెచ్చిన ప్రతిదాన్నీ దీపానికి ఏటవాలుగా పట్టి గీతలు చూసేది. దూదిని మంచినీళ్ళలో తడిపి, పిండి, గాడి వెంటే గుండ్రంగా తుడిచేది, ఎప్పుడూ అడ్డంగా కాదు. పడుకోబెట్టనిచ్చేది కాదు, మా ఎండలకి వంగిపోతాయని. నిలబెట్టే ఉంచేది.

మొదటి రోజు పొద్దున్న ఎనిమిదింటికి పెట్టింది. గోడ అవతల వసారాలో పెద్దాయన పేపరు చదివే వేళ అది. పాట మొదలయ్యాక ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ వైపు చూస్తూ విన్నది. పాట వింటున్నదో గోడను వింటున్నదో చెప్పలేను.

తొమ్మిదింటికి ఆయన కోడలు వచ్చింది, మొహమాటంగా. "చిన్నత్తయ్యా, మామయ్యగారు కొంచెం సౌండు తగ్గించమంటున్నారు."

"తగ్గించనని చెప్పమ్మా. నలుగురూ ఏమనుకుంటారో కూడా నేను చూసుకుంటానని చెప్పు."

మర్నాడు ఆయన టీవీలో ప్రవచనం గట్టిగా పెట్టుకున్నాడు. అత్తయ్య ఆ ప్రవచనం అయ్యేదాకా ఆగి పెట్టింది. ఆయన కుర్చీ వెనక వైపుకి మార్పించుకున్నాడు. ఆమె నాకు ఫోను చేసింది, స్పీకర్లు వెనక గదిలోకి మార్చాలని. పని మానుకుని వెళ్ళి మార్చాను. సంతోషంగా మార్చాను. ఆయన తిరిగి ముందుకొచ్చాడు. నేనూ తిరిగి వెళ్ళాను. ఆ నెలలో నాకు పెట్రోలు తెగ ఖర్చయింది, ఒక్క రోజు కూడా విసుగనిపించలేదు.

పండక్కి వచ్చిన మనవడు ఒకరోజు గోడ పక్కనుంచి తొంగిచూశాడు. "చిన్న నాయనమ్మా, నా ప్లేయర్లో పాట ఊరికే గెంతుతోంది. మీది ఎంత బాగా వస్తోందో. కొంచెం చూస్తారా?"

నేను అక్కడే ఉన్నాను. అత్తయ్య చేతిలో ఉన్న తడిదూది పక్కన పెట్టింది. తర్వాత అంది. "చూస్తాను. మీ తాతయ్యని తీసుకురా. ఆ వక్కపొడి గిన్నె ఒకటి తీసుకురా."

కుర్రాడికి ఏమీ తెలియదు. నిజంగానే ఇద్దర్నీ తెచ్చాడు, ఒక చేత్తో తాతని, ఒక చేత్తో గిన్నెని. ఎర్ర సూటుకేసు కోడలు పట్టుకొచ్చింది. బావగారు ఆ గదిలో అడుగుపెట్టడం గోడ కట్టాక అదే మొదలు. అత్తయ్య కుర్చీ వేసి కూర్చోమంది. మంచినీళ్ళిచ్చింది. గిన్నె కడిగి, తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.

"బావగారూ, అడుగున ఏం రాసుందో చదవండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "కనపడట్లేదమ్మా."

మనవడు వంగి చదివాడు. హోటలు పేరు, నూజివీడు. చదివి తలెత్తాడు. "ఇది రికార్డా?"

"మా నాన్నది. నాకిచ్చాడు. మీ చిన్న తాతయ్య పోయిన నెలలోపే ఇలా అయింది. ఇలాంటివి నూట ముప్పై. ఎవరిచ్చారో మీ తాతయ్యని అడుగు."

కోడలు గోడకి ఆనుకుంది. పెద్దాయన గిన్నెను అటూ ఇటూ తిప్పాడు. నేను ఆయన మొహం మీదనుంచి చూపు తిప్పలేదు. ఆ క్షణం కోసం నేను ఆరో తరగతి నుంచి కాచుకుని ఉన్నాను.

"నాకు గుర్తులేదమ్మా" అన్నాడు.

అది అబద్ధమో నిజమో ఇప్పటికీ నాకు తెలియదు. నిజమైతే ఇంకా ఘోరం.

"నాకుంది బావగారూ" అంది అత్తయ్య. గొంతు పెంచలేదు. "మర్చిపోయినవాళ్ళు క్షమాపణ అడగలేరు. అడగనివాళ్ళకి ఇవ్వాల్సిన పని నాకూ లేదు. ఇంక వెళ్ళండి, పేపరు వచ్చి ఉంటది."

ఆయన వెళ్ళాక కుర్రాడి సూటుకేసు తెరిచింది. ముల్లు చేతి మీద రూపాయి బిళ్ళ టేపుతో అంటించి ఉంది. తీసి వాడి అరచేతిలో పెట్టింది. "నీ తప్పు కాదు, పెట్టె తప్పు. దీంట్లో పెడితే నీ రికార్డులు ఏడాదిలో అరిగిపోతాయి. ముందు చేతి బరువు సరిచేసుకునేది, ముల్లు మార్చుకునేది కొనుక్కో. తర్వాత రా, మిగతాది నేర్పుతా." కాగితం మీద ఏమేం చూసి కొనాలో రాసిచ్చింది. వాడు అలాగే కొనుక్కున్నాడని, ఆదివారాలు ఫోను చేసి సందేహాలు అడిగేవాడని తర్వాత తెలిసింది. ఆమె పగ పట్టిన మనిషే కానీ, పగ ఎవరి మీద పెట్టుకోవాలో లెక్క తప్పని మనిషి.

ఆ సాయంత్రం కోడలు మిగిలిన గిన్నెలన్నీ పాత చీరలో మూటగట్టి తెచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మాకు తెలీదు చిన్నత్తయ్యా. ఇవి మీవి."

"పట్టుకెళ్ళమ్మా. ఆ బీరువాలోనే పెట్టు. కళ్ళెదురుగా ఉండాలి."

అవి ఇప్పటికీ ఆ బీరువాలోనే ఉన్నాయి. వక్కపొడి మాత్రం ఇప్పుడు స్టీలు డబ్బాలో ఇస్తున్నారు.

ఆ తర్వాత అవతలి నుంచి ఫిర్యాదులు ఆగాయి. టీవీ చప్పుడు కూడా ఆగింది. సిగ్గుపడ్డాడేమో అనుకున్నాను నేను. అత్తయ్య వేలు పెదాల మీద పెట్టుకుని వినమంది. గోడ అవతల కుర్చీ కాళ్ళు నేల మీద ఈడ్చిన చప్పుడు. "దగ్గరికి జరుపుకుంటున్నాడు. వింటున్నాడ్రా. రుచి మరిగాడు."

"అయితే ఇంక ఆపేస్తావా?"

"ఆపితే ఏముంది?" అంది.

ఆ రోజు రికార్డులో ఒక వైపు ఆరు పాటలు. అయిదో పాట అయిపోయి, ఆరోది మొదలయ్యేలోపు ఆమె లేచి, ముల్లెత్తి, పక్కన పెట్టేసింది. గోడ అవతల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత కుర్చీ కిర్రుమంది. ఆమె మొహంలో అంత తృప్తి నేను ఎప్పుడూ చూడలేదు. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. రెండేళ్ళకు పైగా రోజూ పొద్దున్నే పాటలు పెట్టింది, ఏ రోజూ చివరి పాట వినిపించలేదు. ఆ పాటలు తను మధ్యాహ్నం, ఆయన నిద్రపోయే వేళ, గోడకి దూరంగా ఉన్న గదిలో మెల్లగా వినేది. నేనున్నప్పుడు నాకూ వినిపించేది.

ఇది చదివి ఆమె చెడ్డదనుకునేవాళ్ళు అనుకోవచ్చు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం చెప్పాలి. ఇరవై ఏళ్ళు శబ్దం అమ్ముకుని బతికిన నాకు వినడం నేర్పింది. "వినడం కూడా పనేరా, చేతులు ఖాళీగా పెట్టుకుని చెయ్యాల్సిన పని" అనేది. ఆ గదిలో ఉన్నంతసేపూ నా ఫోను గుమ్మం బయట స్టూలు మీద ఉండేది. ఏ పెళ్ళిలోనైనా ముసలివాళ్ళు కూర్చున్న వైపు స్పీకరు కాస్త పక్కకి తిప్పుతున్నానంటే, పాట మధ్యలో కోసి ఇంకోటి పెట్టమంటే ఒప్పుకోవట్లేదంటే, అది ఆమె చలవే. నా భార్య పోరుపెట్టినా మారని మనిషిని, మా అత్తయ్య గ్రానైటు పలక ముందు కూర్చోబెట్టి మార్చింది.

సెట్టూ రికార్డులూ నాకని కాగితం మీద రాసి, బీరువాలో బట్టల మీదే పెట్టి పోయింది. పెద్దకర్మ అయిన మూడో నాడు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. పలక నేనూ మేస్త్రీ కలిసి మోశాం. ప్లేయరును పరుపులో చుట్టి తాళ్ళు కడుతుంటే పెద్దాయన వచ్చాడు. గోడ చుట్టూ తిరిగి, కర్ర పొడుచుకుంటూ, ఒక్కడే వచ్చాడు. రొప్పుతున్నాడు.

"తీసుకుపోతున్నావా?"

"అవునండీ."

"ఆ సన్నాయితో మొదలయ్యే రికార్డు ఒకటుంది. చివర్న ఏదో పాట ఉండాలి అందులో. మీ అత్తయ్య..." ఊపిరి తీసుకున్నాడు. "కోడలు ఫోనులో వెతికి పెట్టింది. అలా కాదు. ఇందులోంచి వినాలి. ఒక్కసారి పెట్టి తీసుకుపో అబ్బాయ్."

ఆ రికార్డు ఏదో నాకు తెలుసు. డబ్బాలో అన్నిటికన్నా ముందు నిలబెట్టి ఉంది. సెట్టు దింపి, వైర్లు కలిపి, పెట్టడానికి పది నిమిషాలు చాలు. మేస్త్రి నా వైపు చూశాడు, అప్పుడే తాడు వదులు చేస్తూ. నాకు జాలి కలగలేదని రాస్తే అబద్ధమవుతుంది. కలిగింది. ఎనభై అయిదేళ్ళ మనిషి, ఎండలో, చెప్పుల్లేకుండా వచ్చాడు.

"పెట్టనండీ" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. నేను తాడు బిగించి ముడి వేసి ఆటో ఎక్కాను. కాలవ గట్టు మలుపు దాకా అద్దంలో కనపడుతూనే ఉన్నాడు. ఇంటికి వెళ్ళకుండా, కర్రను రెండు చేతులతో పట్టుకుని, అత్తయ్య గది కిటికీ వైపు తల ఒక పక్కకి వంచి నిలబడి ఉన్నాడు. లోపల ఏమీ లేదు. తోటలో కోతవాళ్ళ కేకలు, దూరంగా లారీ హారను. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు, చెవి అటు పెట్టి.